నడుము నొప్పికి పదమూడు ప్రశ్నలు

"నడుము నొస్తుందంటే మనసు సంగతి అడుగుతరేంది బిడ్డా? నాకు పిచ్చి అనుకుంటున్నరా?"

అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నా వైపు చూసింది. ఎదురుగా కాగితం. 13 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. నొప్పి ఇక తగ్గదేమోనన్న భయం ఎంత, దాని గురించే ఎంతసేపు ఆలోచిస్తారు... ఇట్లాంటివే.

వెన్నులో సన్నటి తీగలు పెట్టి కరెంటుతో నొప్పి తగ్గించే పరికరం కోసం వెళ్లాం. ముందు కొన్ని రోజులు ట్రయల్ ఉంటుందట. దానికంటే ముందు ఇది.

సైకాలజిస్టు మేడం నెమ్మదిగా చెప్పింది. "మీ నొప్పి నిజమేనమ్మా. దిగులు, భయం అట్లనే వదిలేస్తే పరికరం పెట్టినా ఫలితం తగ్గొచ్చు. ముందు వాటిని చూద్దాం."

తర్వాత నిద్ర గురించి అడిగింది.

"ఆయన పోయినకాంచి సక్కగ పట్టదు మేడం."

నాన్న పోయి మూడేళ్లు. నేను పక్క గదిలోనే పడుకుంటాను. స్కానింగులు, మాత్రలు, బిల్లులు అన్నీ ఫైల్లో వరుసగా పెట్టాను. ఈ మాట మాత్రం ఎన్నడూ అడగలేదు.

నల్గొండ బస్సులో చిట్యాల దాటాక అమ్మ నా భుజం మీద తల వాల్చింది. ఇల్లు చేరేదాకా నేను కదల్లేదు.