వెనిస్‌లో ఆ రాతి గుమ్మం

శాంతా లూచియా స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. వంతెన దిగి కాలువ గట్టున ఎడమకు తిరిగితే, ఇళ్ల కిందుగా సొరంగంలాంటి ఇరుకు దారి. లోపలికి అడుగు పెడుతుంటే మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాన్నా, ఈ రాయి చూడు."

గుమ్మం రాతిలో గుంటలు. తలుపుల బందులు దిగేసిన చోట్లవి. ఒకదాంట్లో వేలు పెట్టి చూశాను.

1516 మార్చి 29న వెనిస్ సెనేట్, ఊళ్లోని యూదులంతా పక్కనున్న చిన్న దీవిలోనే కాపురముండాలని తీర్మానించింది. అక్కడ అంతకుముందు లోహం పోతపోసే కార్ఖానా ఉండేది. స్థానిక యాసలో దాన్ని 'జేతో' అనేవారు. ఒక జాతివాళ్లను విడిగా ఉంచే వాడకు వాడే 'ఘెటో' అనే మాట దాన్నుంచే పుట్టిందని చాలామంది చెబుతారు. మేం నిలబడిన వీధిని ఆ వాడలో 1541లో కలిపారు.

చీకటి పడితే తలుపులు మూసేసేవారు. బయట తిరగాలంటే పసుపు గుర్తో, పసుపు టోపీనో ఉండాలి. ఇల్లు కొనుక్కునే హక్కు లేదు. చేసుకోనిచ్చిన పనులు వడ్డీ వ్యాపారం, పాత బట్టల అమ్మకం, వైద్యం లాంటివి కొన్నే. నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది మాత్రం కాపలావాళ్ల సంగతి. వాళ్లు క్రైస్తవులు, వాళ్ల జీతాలు కట్టాల్సింది యూదులే. తలుపు మీద గడియ వేసే మనిషికి లోపలున్నవాళ్లే కూలి ఇవ్వాలన్నమాట!

లోపల మైదానం చుట్టూ ఉన్న మేడలు వెనిస్‌లో ఇంకెక్కడా కనబడనంత ఎత్తు. జనం పెరిగారు, జాగా పెరగలేదు. అంతస్తు మీద అంతస్తు వేసుకుంటూ పోయారు. పై వరుసల్లో కిటికీలు ఎంత దగ్గరగా ఉన్నాయంటే, లోపల నిలబడితే తల పైకప్పుకు తగులుతుందేమో అనిపించింది. ప్రార్థనా మందిరాలు కూడా పై అంతస్తుల్లోనే. వరుసగా ఐదు పెద్ద కిటికీలు కనబడితే అది మందిరమని గుర్తు.

1797లో నెపోలియన్ సైన్యం వచ్చాక ఆ తలుపులు పీకేశారు. కథ అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

1943 సెప్టెంబరులో నాజీలు యూదుల పేర్ల జాబితా ఇమ్మని అడిగారు. అప్పటి యూదుల సంఘం అధ్యక్షుడు జుసెప్పే యోనా, పేరున్న వైద్యుడు. జాబితా ఇవ్వలేదు, తన ప్రాణమే తీసుకున్నాడు. అయినా వెనిస్ నుంచి 246 మందిని పట్టుకెళ్లారు. తిరిగొచ్చింది ఎనిమిది మంది.

మైదానం అంచున వృద్ధాశ్రమం భవనం ఉంది. 1944 ఆగస్టులో అందులోని ముసలివాళ్లను కూడా వదల్లేదు. వాళ్లతోపాటు చూపు మందగించిన మతగురువు అడోల్ఫో ఒట్టోలెంగీనీ తీసుకుపోయారు. ఆ భవనం ముందు బెంచీ మీద మేమిద్దరం చాలాసేపు కూర్చున్నాం. ఎదురుగా పిల్లలు బంతి ఆడుకుంటున్నారు.