తెర మీది తెలుపు, కాగితం మీది తెలుపు

మానిటర్‌ను క్యాలిబ్రేట్ చేసుకున్న (అంటే రంగులను కొలిచి సరిచేసుకున్న) తర్వాత కూడా ప్రింట్లు చీకటిగానే ఎందుకు వస్తున్నాయన్న ప్రశ్న నన్ను చాలా నెలలు వేధించింది. కొలిచే పరికరాన్ని తెరకు ఆనించి, తెలుపును 6500 కెల్విన్‌కూ (ఈ అంకె పెరిగేకొద్దీ తెలుపు నీలం వైపు, తగ్గేకొద్దీ పసుపు వైపు జరుగుతుంది), నడిమి ఛాయలు ఎంత ముదురుగా కనిపించాలో చెప్పే గామాను 2.2కూ కుదిర్చి, తెర రంగులను ఎలా చూపుతుందో వివరించే ప్రొఫైల్ అనే ఫైలును భద్రపరచిన రోజున ఇక రంగుల సమస్య తీరిపోయిందనే అనుకున్నాను. ఆ సాయంత్రం ముద్రించిన ఫొటోలో, చెట్టు నీడన కూర్చున్న మనిషి జుట్టూ ఆయన వెనకనున్న చెట్టు మొదలూ కలిసిపోయి ఒకే నల్లటి ముద్దగా వచ్చాయి. తెర మీద మాత్రం ఏ వెంట్రుకకావెంట్రుక విడిగా కనిపిస్తూనే ఉంది.

ప్రింటర్‌ను అనుమానించాను, సిరాను అనుమానించాను. అసలు కారణం తెర వెలుతురు. రంగును శ్రద్ధగా సరిచేసుకున్నాను గానీ ప్రకాశాన్ని పట్టించుకోలేదు. అది చదరపు మీటరుకు 200 క్యాండెలాల (తెర వెలుగును కొలిచే ప్రమాణం ఇది) దగ్గరే ఉండిపోయింది. తెరకు తన సొంత వెలుగు ఉంటుంది, కాగితానికి ఉండదు. దాని మీద పడిన వెలుతురులో ఎంత తిరిగి వస్తే అంతే దాని తెలుపు. దీనికి చిన్న లెక్క ఒకటి ఉంది: కాగితం మీద పడే వెలుతురును లక్సుల్లో కొలిచి, ఆ సంఖ్యను కాగితం వెనక్కి పంపే పాలుతో గుణించి, 3.14తో భాగించాలి. నా బల్ల మీద సుమారు 200 లక్సులు పడుతున్నాయి, మంచి కాగితం అందులో దాదాపు 90 శాతం వెనక్కి పంపుతుంది. అంటే నా చేతిలోని ప్రింటులో అత్యంత తెల్లని చోటు కూడా 57 క్యాండెలాలకు మించదు. తెర దానికి మూడు రెట్లకు పైగా వెలుగుతుంటే, ఆ వెలుగును నమ్మి ఫొటోను సరిదిద్దిన నాకు చీకటి ప్రింటు రాక తప్పుతుందా?

అందువల్ల తెరను ఎన్ని క్యాండెలాలకు కుదర్చాలన్న ప్రశ్నకు విడిగా జవాబు లేదని నా అభిప్రాయం. ప్రింటును ఏ వెలుతురులో చూస్తారన్నది ముందు తేలాలి. ప్రింట్లను చూడవలసిన వెలుతురు గురించిన ఐఎస్ఓ 3664 ప్రమాణం నిశితంగా పోల్చి చూడడానికి 2000 లక్సులు, మామూలుగా పరిశీలించడానికి 500 లక్సులు సూచిస్తుంది. నేను దీపాన్ని 500 లక్సులకు దగ్గరగా పెంచి, తెరను 120 క్యాండెలాలకు తగ్గించాను. మొదటి రెండు రోజులు తెర మసకగా అనిపించింది, తర్వాత కన్ను అలవాటు పడిపోయింది.

తెలుపు రంగు విషయంలో కూడా ఇంచుమించు ఇదే కథ. అదే ప్రమాణం ప్రింటును చూడడానికి డి50 వెలుతురును, అంటే దాదాపు 5000 కెల్విన్‌ను నిర్దేశిస్తుంది. 6500 కెల్విన్ తెర పక్కన ఆ దీపం కింద పెట్టిన కాగితం పసుపుపచ్చగా కనిపిస్తుంది. దీనికి అంకెల కంటే కంటినే నమ్ముకోవడం మేలని నాకు అనుభవం మీద తెలిసింది. దీపం కింద ఖాళీ కాగితాన్ని ఉంచి, దాని పక్కన తెర మీద ఖాళీ తెల్ల కిటికీని తెరిచి, రెండూ ఒకే తెలుపుగా కనిపించేదాకా తెర తెలుపును కొద్దికొద్దిగా జరుపుకుంటూ పోవాలి. చాలా కాగితాల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు నీలంగా మెరుస్తాయి కనుక, ఆ కిరణాలు లేని ఎల్ఈడీ దీపం కింద అదే కాగితం కొంత పసుపుగా మారిపోతుంది. అందుకే దీపం మారిస్తే ఈ పనంతా మళ్లీ మొదటికి వస్తుంది.

ప్రొఫైళ్ల గురించి ఒక్క మాట. ప్రింటర్ ప్రొఫైల్ ప్రింటర్ ఒక్కదానిది కాదు. ఆ ప్రింటర్, ఆ సిరా, ఆ కాగితం, మూడూ కలిసినప్పటిది. కాగితం మారిస్తే ప్రొఫైల్ కూడా మార్చాలి. రంగులను మార్చే పనిని ఫొటో సాఫ్ట్‌వేర్‌కు అప్పగించినప్పుడు ప్రింటర్ డ్రైవర్‌లో ఆ పనిని ఆపివేయాలి. ఒకసారి నేను అది మరచిపోతే మార్పు రెండుసార్లు జరిగి, ముఖాలన్నీ కందిపోయినట్టు ఎర్రబారి వచ్చాయి.

ఇంత చేసినా తెరా కాగితమూ అచ్చంగా ఒకటి కావు. మంచి తెరలో తెలుపుకూ నలుపుకూ మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంటే, నిగనిగలాడే కాగితం మీద అది రెండు వందల రెట్లకు అటూ ఇటూగా, మెరుపు లేని మ్యాట్ కాగితం మీద నలభై, యాభై రెట్లకు దగ్గరగా ఉంటుంది. నెమలి మెడలోని నీలం వంటి గాఢమైన రంగులు కొన్ని సిరాకు అసలు అందవు. ఈ తేడాను ముద్రించక ముందే తెర మీద చూపించేది ఫొటో సాఫ్ట్‌వేర్‌లోని సాఫ్ట్ ప్రూఫ్. అందులో కాగితపు తెలుపును కూడా చూపమని అడగగానే బొమ్మ ఒక్కసారిగా వెలవెలబోయి మనసు చివుక్కుమంటుంది. ఆ మీట నొక్కేటప్పుడు చూపు తిప్పుకొని, కొన్ని క్షణాలాగి, ఫొటో చుట్టూ తెల్లటి అంచు ఉంచుకొని చూస్తే, కన్ను ఆ అంచునే తెలుపుగా తీసుకుంటుంది, బొమ్మ మళ్లీ కుదుటపడుతుంది.

ఆ చెట్టు నీడ ఫొటోను ఈ విధంగా సాఫ్ట్ ప్రూఫ్‌లో చూసుకుంటూ, జుట్టు దగ్గరి నీడలను కాస్త పైకి లేపి, అదే మ్యాట్ కాగితం మీద మళ్లీ ముద్రించాను. సిరా బాగా ఆరాలని ఒక రోజు ఆగి దీపం కింద పెట్టి చూశాను. చెట్టు బెరడు మీది గీతలు వచ్చాయి, నెరిసిన వెంట్రుకలు విడివడ్డాయి. చెవి వెనక ఒక్క చోట మాత్రం నలుపు ఇంకా ముద్దగానే ఉంది. ఆ కాగితం మీద అంతకన్నా రాదు.