క్షయా, క్రోన్సా?

చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోట పుండ్లు కనిపిస్తే నేను తొందరపడను. మన దేశంలో పేగు క్షయ (టీబీ), పేగుల్లో దీర్ఘకాలం వాపు, పుండ్లు తెచ్చే క్రోన్స్ వ్యాధి రెండూ తరచుగా అక్కడే కాపురం పెడతాయి. 1932లో న్యూయార్క్ వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ 14 మంది రోగులలో వర్ణించిన వ్యాధే ఈ క్రోన్స్. పేగు పొడవునా సాగిన పుండ్లు క్రోన్స్ వైపు, అడ్డంగా చుట్టుకున్నవి క్షయ వైపు మొగ్గుతాయి గాని, బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) కూడా చాలాసార్లు తేల్చి చెప్పదు. క్షయను క్రోన్స్‌గా పొరబడి, రోగనిరోధక శక్తిని తగ్గించే స్టెరాయిడ్లు ఇస్తే క్షయ విజృంభిస్తుంది కాబట్టి, అనుమానం తీరనప్పుడు ముందు క్షయ మందులు వాడి, కొన్ని నెలల తరువాత మళ్లీ కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసి పుండ్లు మానాయో లేదో కళ్లతో చూస్తాం. "నొప్పి తగ్గింది కదండీ, మళ్లీ ఆ ఉప్పునీళ్ల మందు తాగాలా?" అని, పరీక్షకు ముందు పేగు శుభ్రం కావడానికి తాగే ఆ మందు గురించి రోగులు అడగడం సహజమే. తాగాలి.