నోడ్ రెడీగా ఉంది, మరి సర్వీస్? క్లస్టర్ మానిటరింగ్‌లో నా అనుభవం

డయాగ్నస్టిక్ సెంటర్లకు రిపోర్టులు అందించే మా అప్లికేషన్ కుబెర్నెటిస్ క్లస్టర్ మీద, అంటే ప్రోగ్రాములను పలు సర్వర్లకు పంచి నడిపే ఏర్పాటు మీద నడుస్తుంది. ఆ క్లస్టర్ బాగోగులు నాకు అప్పగించేనాటికి మానిటరింగ్ అంటూ ఉన్నది ఒకే ఒక్క స్క్రిప్ట్. ప్రతి సర్వర్‌కూ పింగ్ కొడుతుంది, జవాబు రాకపోతే మెయిల్ పంపుతుంది. సర్వర్లన్నీ పలికేవి, రిపోర్టులు మాత్రం తెరుచుకునేవి కావు. ఆ సంగతి మాకంటే ముందు సెంటర్ల వాళ్లకే తెలిసేది. వాళ్లు ఫోన్ చేశాక మేం లాగ్‌లు వెతకడం మొదలుపెట్టేవాళ్లం. అవతల కౌంటర్ దగ్గర రిపోర్టు కోసం పేషెంటు ఎదురుచూస్తుంటాడన్న ఆలోచన నన్ను నిలవనిచ్చేది కాదు.

ముందుగా, క్లస్టర్ తన గురించి తాను ఏం చెబుతుందో అర్థం చేసుకోవడానికి కూర్చున్నాను. కుబ్‌సీటీఎల్ గెట్ నోడ్స్ అనే కమాండ్ కొడితే ప్రతి నోడ్ (క్లస్టర్‌లోని ఒక్కో సర్వర్) పక్కనా రెడీ అని వస్తుంది. నోడ్ మీద ఉండే కుబ్‌లెట్ అనే ప్రోగ్రామ్ 10 సెకన్లకోసారి తానున్నానని, క్లస్టర్‌ని నడిపించే కంట్రోల్ ప్లేన్‌కి కబురు పెడుతుంది. ఇది క్లాసులో హాజరు పలకడం లాంటిది. పలికినవాడు పాఠం వింటున్నాడో లేదో హాజరు పట్టీలో ఉండదు. ఒకసారి ఒక నోడ్‌లో లాగ్‌లు పేరుకుపోయి డిస్క్ నిండింది, అప్లికేషన్ నడిచే పాడ్‌లు ఒక్కొక్కటే బయటికి వెళ్లిపోతున్నాయి. గెట్ నోడ్స్‌లో మాత్రం రెడీ అనే ఉంది. డిస్క్రైబ్ నోడ్ కొట్టి కండిషన్స్ దాకా దిగితే డిస్క్ ప్రెషర్ ఎదురుగా ట్రూ కనిపించింది. డిస్క్‌లో ఖాళీ 10 శాతం కంటే తగ్గితే పాడ్‌లను తీసేయడం కుబ్‌లెట్ డిఫాల్ట్ పద్ధతి.

ఆ తర్వాత టెస్ట్ క్లస్టర్‌లో ఒక నోడ్‌కి పవర్ తీసేసి, గడియారం ముందు పెట్టుకుని చూశాను. క్లస్టర్ నడిపేవాళ్లు ఎవరైనా ఈ పని చేసి తీరాలి. మా వెర్షన్‌లో నాట్ రెడీ అని పడటానికి 40 సెకన్లు పట్టింది. అంతసేపూ రిక్వెస్టుల్లో కొన్ని ఆ పోయిన నోడ్‌కే వెళ్లి ఫెయిలయ్యాయి. నాట్ రెడీ అయ్యాక ట్రాఫిక్ అటు వెళ్లడం ఆగింది గానీ, పాడ్‌ల జాబితాలో ఇంకో 5 నిమిషాలు రన్నింగ్ అనే ఉంది. పాడ్‌ని తీసేసే ముందు 300 సెకన్లు ఆగి చూడమని డిఫాల్ట్ టాలరేషన్ (ఓర్చుకునే గడువు) ఉంటుంది కాబట్టి అలా జరుగుతుంది. ఆ తర్వాత వెబ్ పాడ్‌లు వేరే నోడ్ల మీద లేచాయి.

డేటాబేస్ పాడ్ మాత్రం లేవలేదు. అది స్టేట్‌ఫుల్‌సెట్, అంటే తన పేరూ తన డేటా డిస్కూ మారకుండా ఉండే రకం. టెర్మినేటింగ్ (తీసేస్తున్న దశ) దగ్గరే ఆగిపోయింది. నోడ్ నిజంగా ఆగిపోయిందా, నెట్‌వర్క్ మాత్రమే తెగిందా అన్నది క్లస్టర్‌కి తెలిసే దారి లేదు. తొందరపడి రెండో కాపీ లేపితే రెండూ ఒకే డేటా మీద రాసే ప్రమాదం ఉంది. కాబట్టి ఆగడమే సరైన పని. మిషన్ ఆగిపోయిందని మనిషి నిర్ధారించుకుని, నోడ్‌కి అవుట్ ఆఫ్ సర్వీస్ టెయింట్ (పనిలో లేదనే గుర్తు) పెడితే పాడ్ ఇంకోచోట లేస్తుంది. ఈ సౌకర్యం 1.28 వెర్షన్‌తో స్టేబుల్ అయింది. అర్ధరాత్రి మనిషిని లేపాల్సిన అలర్ట్ ఏదైనా ఉంటే అది ఇదే.

కొలతలు సేకరించే ప్రొమీథియస్, దానికి నోడ్ లెక్కలు అందించే నోడ్ ఎక్స్‌పోర్టర్, వాటిని గ్రాఫ్‌లుగా చూపే గ్రఫానా పెట్టడం పెద్ద కష్టం కాలేదు. వాటికి మంచి చార్టులు (రెడీమేడ్ ఇన్‌స్టాల్ ప్యాకేజీలు) దొరుకుతాయి. ఎక్కువ చర్చ జరిగింది అప్లికేషన్ బాగుందో లేదో చూసే హెల్త్ చెక్ మీద. "పోర్ట్ ఓపెన్‌గానే ఉంది కదన్నా, ఇంకేం చూడాలి?" అన్నాడు మా డెవలపర్. పోర్ట్ తెరిచే ఉంటుంది, లోపల డేటాబేస్ కనెక్షన్లు అయిపోయి ప్రతి పేజీ 500 ఎర్రర్ ఇస్తుంది. ఆ లాగ్ పక్కన కూర్చోబెట్టి చూపించాను. చివరికి డేటాబేస్ నుంచి ఒక వరుస చదివి జవాబిచ్చే చిన్న పేజీ రాసిచ్చాడు. దాన్ని బయటి నుంచి బ్లాక్‌బాక్స్ ఎక్స్‌పోర్టర్ అనే టూల్ అడుగుతూ ఉంటుంది. అదే పేజీని, ఫెయిలైతే పాడ్‌ని రీస్టార్ట్ చేయించే లైవ్‌నెస్ ప్రోబ్‌కి పెట్టనివ్వలేదు. డేటాబేస్ కాస్త నెమ్మదిస్తే చాలు, బాగున్న పాడ్‌లు కూడా వరసగా రీస్టార్ట్ అవుతాయి.

అలర్ట్‌లు మొదలైన కొత్తలో ఒకటే టెన్షన్. ఒక నోడ్ పోతే దాని మీద ఉన్న ప్రతి సర్వీస్ పేరునా మెసేజ్ వచ్చేది, అసలు కారణం ఆ గుంపులో కనపడేది కాదు. అలర్ట్‌లను పంపే అలర్ట్ మేనేజర్‌లో నోడ్ పేరుతో గ్రూప్ చేసి, నోడ్ డౌన్ ఉన్నంతసేపూ దాని సర్వీసుల అలర్ట్‌లు ఆగేలా ఇన్‌హిబిషన్ రూల్ రాశాక ఊపిరాడింది. రాత్రి ఫోన్ మోగేది రెండింటికే: బయటి నుంచి చూసే ఆ పేజీ రెండు నిమిషాలు వరసగా ఫెయిలైనా, డేటాబేస్ పాడ్ టెర్మినేటింగ్‌లో ఆగిపోయినా. ఇదే జోరున రాస్తే 24 గంటల్లో డిస్క్ నిండుతుందని చెప్పే అలర్ట్ పొద్దున టీమ్ గ్రూపులోకి వస్తుంది. సీపీయూ 80 శాతం దాటిందనే అలర్ట్ పూర్తిగా తీసేశాను. సీపీయూ పనిచేయడానికే కదా ఉంది.

ఇక ప్రొమీథియస్ కూడా అదే క్లస్టర్‌లో ఉంది. క్లస్టర్‌తో పాటు అదీ పడిపోతే చెప్పేవాళ్లుండరు. అందుకని వాచ్‌డాగ్ అని ఎప్పుడూ మోగుతూనే ఉండే ఒక అలర్ట్ ఉంచాం. దాని కోసం వేరే బిల్డింగ్‌లో, వేరే ఇంటర్నెట్ లైన్ మీద ఒక చిన్న మిషన్ కనిపెట్టుకుని ఉంటుంది. ఆ అలర్ట్ రావడం ఆగితే డ్యూటీలో ఉన్నవాళ్లకు ఆ మిషనే నేరుగా ఫోన్ చేస్తుంది. నెలకోసారి ప్రొమీథియస్‌ని కావాలని ఆపి, ఆ ఫోన్ వస్తోందో లేదో చూస్తాం.