బచ్చలి పాదు కింద

శనివారం, రాత్రి పదిన్నర

కాలువలు కట్టేసి రెండు వారాలైంది. పెరడంతా ఎండిపోయి నల్లమట్టి వేలు దూరేంత నెర్రెలు తీసింది. రెండో కొబ్బరిచెట్టు దగ్గర బచ్చలి పాదు మాత్రం అరచేయంత ఆకులతో నిగనిగలాడుతోంది. మొన్న ఆ ఆకే కోసి కంద బచ్చలి వండితే, "నీ చెయ్యి మంచిదే అమ్మాయ్" అన్నారు అత్తయ్యగారు. నేను దానికి నీళ్ళు పోసి పదిరోజులైందన్న సంగతి అప్పుడు తట్టలేదు.

పొద్దున్న చెప్పుల్లేకుండా అటు వెళ్తే మడమ మెత్తగా దిగింది. కాలు తీయగానే ఆ గుంటలో నీళ్ళు ఊరాయి. వంగి చూస్తే ముందు సబ్బు వాసన, ఆ వెనకే లెట్రిన్ వాసన. అక్కడే కూలబడ్డాను.

నెలరోజులుగా చెబుతూనే ఉంది ఇల్లు. లెట్రిన్‌లో ఫ్లష్ కొడితే పక్క బాత్‌రూమ్ జాలీలోంచి గుడగుడమని చప్పుడు వచ్చేది. ఏదో అడ్డం పడిందని మావారు రెండు సీసాల యాసిడ్ పోశారు. సెప్టిక్ ట్యాంకు నిండిందేమోనని లారీ పిలిపించాం. మూడు రోజులు బాగుండి మళ్ళీ మొదలైంది.

పదింటికి తాపీ మేస్త్రిగారు వచ్చారు. లెట్రిన్ గొట్టం మీద ఇంటి దగ్గర ఛాంబర్ మూత, ట్యాంకు దగ్గర ఛాంబర్ మూత రెండూ తీశారు. మొదటిది అంచు దాకా నిండి ఉంది, రెండోది అడుగు కనబడుతోంది. "ట్యాంకు నిండితే రెండూ పొంగాలండి. ఇదైతే మధ్యలోనే పోతోంది" అన్నారు. ట్యాంకులోకి ఓ మనిషిని దింపి చూడమన్నారు పక్కింటాయన. మేస్త్రిగారు ఒప్పుకోలేదు. లోపలి గాలికి క్షణాల్లో ప్రాణం పోతుంది, పైగా 2013లో చట్టం వచ్చాక అలా దింపడం నేరం కూడా.

బకెట్ నీళ్ళలో బట్టల నీలం కలిపి మొదటి ఛాంబర్‌లో పోశాం. రెండో దాంట్లోకి సన్నటి ధార వచ్చి ఆగిపోయింది. పాదు పీకి రెండడుగులు తవ్వేసరికి మట్టిలోంచి నీలం చెమ్మ బయటపడింది.

అప్పట్లో మామయ్యగారు వేయించిన కాల్చిన మట్టి గొట్టాలవి. రెండడుగులకో అతుకు. కాలువ పారినన్నాళ్ళూ ఈ మట్టి ఉబ్బుతుంది, వేసవిలో బిగుసుకుంటుంది. ఏటేటా అలా కదిలి ఓ అతుకు వెంట్రుకంత విచ్చుకుంటే చాలు, కొబ్బరి వేరు తడి వెతుక్కుంటూ దూరిపోతుంది. మేస్త్రిగారు లాగితే మూరెడు జడలా వచ్చింది. పిల్లవేళ్ళ మధ్య బియ్యపు గింజలు, నా జుట్టు, సబ్బు ముక్క. యాసిడ్ పోస్తే ఏం కరుగుతుంది!

మధ్యాహ్నానికి నాలుగంగుళాల పీవీసీ గొట్టం దించారు. కింద ఇసక పరిచి, పదడుగులకి మూడంగుళాల వాటం వచ్చేదాకా మట్టం చూసే నీళ్ళ గొట్టంతో రెండుసార్లు సరిచూశారు. వాటం మరీ తక్కువైతే మలం కదలదట, మరీ ఎక్కువైతే నీళ్ళు ముందు జారిపోయి మలం వెనకబడుతుందట. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఉంటూ నాకు తెలియని సంగతి.

నా గుండె మాత్రం గొట్టం దగ్గర లేదు, నూతి దగ్గరే ఉంది. ఆ గుంట నుంచి నూతికి పన్నెండు అంగలు వేశాను, పట్టుమని ముప్పై అడుగుల దూరం కూడా ఉండదు. మా కోనసీమలో నీరు ఎంతో లోతున ఉండదు. వానాకాలంలో మా నూతిలో సగం తాడుకే అందుతుంది. పైన ఇంకింది కిందికి చేరడం ఎంతసేపు? అత్తయ్యగారేమో టిన్ను నీళ్ళు ముట్టరు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, రోజూ ఆ నూతి నీళ్ళే తాగారు. పోయిన నెల రెండుసార్లు విరేచనాలైతే ఎండ దెబ్బ అనుకున్నాం. దీనివల్లే అని చెప్పలేను. కానీ పొద్దుటినుంచీ ఆ రెండు రోజులే కళ్ళముందు తిరుగుతున్నాయి.

సాయంత్రం చేదా తాడూ గిలక మీంచి తీసేశాను. ఆవిడ అరుగు మీంచి చూస్తూ, "నీళ్ళు తేటగానే ఉన్నాయి కదే" అన్నారు.

"తేటగా ఉన్నా చెడు కనబడదు అత్తయ్యగారూ. పరీక్షకి పంపుదాం. బ్లీచింగ్ వేయించి, మళ్ళీ పరీక్ష బాగుందన్నాకే తోడదాం."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే కాచివ్వు. కుళాయి నీళ్ళే" అన్నారు.

గిన్నె దింపి, చల్లారాక ఆవిడ ఇత్తడి చెంబులోనే పోసి మంచం పక్కన పెట్టాను. బాత్‌రూమ్ లోంచి గుడగుడ లేదు. పెరట్లో పీకిన బచ్చలి తీగ ఇంకా వాడలేదు.