సందు చుక్కల లెక్క

డిసెంబర్ సెలవుల్లో పిల్లల్ని డాలస్ నుంచి శ్రీకాకుళం తీసుకొస్తే ధనుర్మాసం కలిసొస్తుంది. తెల్లారేసరికి వీధంతా ముగ్గులే. ఈసారి మా అమ్మాయి బడిలో టెసలేషన్ పాఠం నేర్చుకుని వచ్చింది. ఒకే ఆకారాన్ని సందు లేకుండా, ఒకదానిమీదొకటి ఎక్కకుండా నేలంతా పరచడం. భుజాలూ కోణాలూ సమానంగా ఉన్నవాటిలో అందుకు పనికొచ్చేవి మూడే: త్రిభుజం, చతురస్రం, షడ్భుజి. మూలలు కలిసేచోట మొత్తం 360 డిగ్రీలు కావాలి మరి. పంచభుజి కోణం 108. మూడు పెడితే 36 డిగ్రీల ఖాళీ మిగిలిపోతుంది, నాలుగోది పట్టదు.

వాకిట్లో అమ్మమ్మ చుక్కలు పెడుతుంటే పక్కనే చతికిలబడింది. "ఈ వరస ఎందుకు జరిపావు అమ్మమ్మా?"

"సందు సుక్క కదమ్మా. రెండు సుక్కల మద్దిన ఒకటి పడాల. పదిహేను పెట్టి, అటూ ఇటూ ఎనిమిది వచ్చీదాకా తగ్గించుకురా."

నోట్‌బుక్‌లో తనూ పెట్టింది. పక్కపక్క చుక్కలు కలిపితే అన్నీ త్రిభుజాలే, చుట్టూ గీత గీస్తే షడ్భుజి, ఒక్కో వైపు 8 చుక్కలు. మొత్తం 169. మధ్య చుక్క తీసేస్తే మిగతావి 28 చొప్పున ఆరు సమాన భాగాలవుతాయని తనే కనిపెట్టింది. ఆ పూట టిఫిన్ కూడా వాకిట్లోనే.

మన పిల్లలకి ముగ్గుని సంస్కృతి అని చెప్పి చూపిస్తే ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. అందులో వాళ్ల ప్రశ్నకి జవాబుంటే కదలరు. వచ్చీరాని తెలుగులోనే అమ్మమ్మని గుచ్చి గుచ్చి అడిగింది. నేను మధ్యలో దూరలేదు.

"అయిదు రేకుల పువ్వు వెయ్యవా?" అంది.

"ఈ సుక్కల్లో ఆరే వస్తాయే. అయిదు కావాలంటే సుక్కల్లేకుండా సెయ్యి తిప్పుకోవాల."

నిజమే, సమానంగా అయిదు వైపులా తిరిగే పువ్వు ఏ చుక్కల వరసల్లోనూ కుదరదు. రాత్రి అమ్మాయికి మార్జరీ రైస్ గురించి చెప్పాను. అమెరికాలో గృహిణి, లెక్కల చదువు హైస్కూలు దాకానే. భుజాలూ కోణాలూ అన్నీ సమానం కాకపోతే కొన్ని రకాల పంచభుజులూ నేల నింపుతాయి; అలాంటి కొత్త రకాలు నాలుగింటిని 1970లలో ఇంట్లో కూర్చునే కనిపెట్టింది. మర్నాడు పొద్దున్నే ఆ కథంతా అమ్మమ్మకి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.