స, శ విడివిడిగా వినపడాలి

మా ఇంట్లో ఐదు గ్రామఫోన్ ప్లేట్లున్నాయి. టీటీడీ కోసం ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడగా 1980 ప్రాంతంలో వచ్చిన బాలాజీ పంచరత్నమాల. నాన్న కొన్నవి. తిరుపతి బైరాగిపట్టెడలో అద్దెకున్న రోజుల్నుంచి ఇల్లు మారిన ప్రతిసారీ సామానులో ముందు కదిలేవి అవే. పూర్ణకుంభం సర్కిల్లో ఆమె విగ్రహం పక్కనుంచే రోజూ ఆఫీసుకు వెళ్తాను. ఆ గొంతును ఆ ప్లేట్లలో ఉన్నది ఉన్నట్టు వినాలని ఎన్నాళ్లుగానో ఆశ.

అందుకే మూవింగ్ కాయిల్ (ఎంసీ) కార్ట్రిడ్జి కోసం వెతికాను. కార్ట్రిడ్జి అంటే ప్లేయర్ చేతి చివర ముల్లును పట్టుకుని, దాని కదలికను సిగ్నల్‌గా మార్చే చిన్న పెట్టె. మామూలు కార్ట్రిడ్జిలో ముల్లుతో పాటు చిన్న అయస్కాంతం కదులుతుంది. ఇందులో కదిలేవి వెంట్రుక కంటే సన్నని తీగ చుట్టలు. అవి తేలిక కాబట్టి గాడిలోని చిన్న మెలికను కూడా ముల్లు వదలదు. వచ్చే సిగ్నల్ మాత్రం చాలా తక్కువ. నేను కొన్న ఆర్టోఫాన్ కాడెన్జా బ్లాక్ ఇచ్చేది 0.33 మిల్లీవోల్టులే. మామూలువి నాలుగైదు ఇస్తాయి. దీనికి వేరే ఫోనో ఆంప్లిఫయర్ కావాలి, అది ముందే ఉంది.

ఇబ్బందంతా ముల్లుతోనే. మామూలుదైతే అరిగిన ముల్లు లాగేసి కొత్తది తగిలిస్తాం. ఎంసీలో ఆ వీల్లేదు, కంపెనీకో రిపేరు చేసేవాళ్లకో పంపాల్సిందే. అంటే వాడింది కొంటే మనం కొనేది అందులో మిగిలిన ఆయుష్షునే.

రెండేళ్ల కిందట ఈ సంగతి నాకు ఖరీదుగా తెలిసింది. ఫొటోలు చూసి 22 వేలకు ఒకటి కొరియర్లో తెప్పించాను. కుడి స్పీకర్ పలకలేదు. లోపల తీగ తెగిపోయింది. అమ్మినాయన మళ్లీ ఫోన్ ఎత్తలేదు. అమ్మకు నెల రోజులు చెప్పలేకపోయాను.

ఈసారి నేనే వెళ్లాను. ఐదింట్లో ఒక ప్లేటు చంకలో పెట్టుకుని, పుత్తూరు మీదుగా చెన్నై బస్సెక్కాను. అమ్మే పెద్దాయనది నెల్లూరు. "300 గంటలు ఆడింది నాయనా, నీ ప్లేటే పెట్టి చూసుకో" అన్నారు.

ముందు లెన్స్‌తో చూశాను. ముల్లును మోసే బోరాన్ పుల్ల తిన్నగా ఉందా, ఒక పక్కకు వాలిందా అని. బోరాన్ వంగదు, దెబ్బ తగిలితే విరుగుతుంది. చేతి లెన్స్‌లో ముల్లు అరుగుదల కనపడదు, దానికి మైక్రోస్కోపు కావాలి. తర్వాత ముల్లు ప్లేటు మీద మోపే బరువు 2.3 గ్రాములు పెట్టించి, ప్లేటు మీద దించి పక్కనుంచి వంగి చూశాను. పుల్లను పట్టి ఉంచే లోపలి రబ్బరు జారిపోయి ఉంటే కార్ట్రిడ్జి పొట్ట ప్లేటుకు ఆనేంత కిందకు దిగుతుంది. ఇది నిటారుగా నిలబడింది.

"మొదటి పాట వద్దయ్యా, చివరిది పెట్టండి" అన్నాను. ప్లేటు తిరిగే వేగం ఒకటే అయినా, బయటి అంచున గాడి ముల్లు కింద సెకనుకు దాదాపు అర మీటరు పరుగెడుతుంది. లేబుల్ దగ్గరకొచ్చేసరికి అది 20 సెంటీమీటర్ల చిల్లరకు పడిపోతుంది. అక్షరాలన్నీ ఇరుకైపోతాయి. ముల్లు అరిగిందా లేదా అన్నది అక్కడే బయటపడుతుంది. మా పాత కార్ట్రిడ్జిలో ఆ చోట 'స', 'శ', 'ష' మూడూ ఒకే బుసగా వచ్చేవి. అన్నమయ్య కీర్తనకు అంతకన్నా అన్యాయం ఏముంటుంది? ఆ గదిలో 'శ్రీ' శ్రీగానే పలికింది. 'స' పంటి చివర తెగినట్టు విడిగా వినిపించింది. నా కళ్లు చెమర్చాయి. పెద్దాయన ఏమీ అనకుండా కాఫీ తెచ్చిచ్చారు.

90 వేలు అడిగారు, 82కి ఇచ్చారు. కొత్తది రెండు లక్షల పైమాటే. ముల్లుకు 1000 గంటలు లెక్కేస్తే ఇంకా 700 ఉన్నాయి. రోజుకో ప్లేటు వింటే దాదాపు మూడేళ్లు. మేం వినేది వారానికి ఒకటో రెండో, కాబట్టి ముల్లు కంటే ముందు రబ్బరే గట్టిపడుతుందేమో. తిరుపతి ఎండలకు అదొక్కటే నా టెన్షన్. ప్లేయర్‌ను పడమటి కిటికీ దగ్గర్నుంచి దేవుడి గది గోడ పక్కకు మార్చాను.

బిగించడానికి ఒక సాయంత్రం పూర్తిగా పట్టింది. అమ్మ నాలుగు ప్లేట్లు కదలకుండా కూర్చుని వింది. "మీ నాన్న ఉన్నప్పుడు ఈ తంబుర వినపడేది కాదు" అంది. ఐదోదాన్ని ఈ శనివారానికి ఉంచమంది.